ముగ్గు లేని వాకిలి

నాకు చదువు రాదు. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. గొంతు మాత్రం పెద్దది. పదకొండేళ్లు దుమ్ము మింగిన గొంతు, రంపంలా కోస్తుందని మా జవాన్ అంటాడు. జవాన్ అంటే మిలటరీ ఆయన కాదు, సఫాయి పనివాళ్లకు హాజరు వేసే ఆయన. నేను చెప్తుంటే ఇది రాసిపెట్టేవాళ్లకు ఉన్నది ఉన్నట్టు రాయమని ముందే చెప్పాను. ఇందులో నేను ఆడిన అబద్ధం ఒకటి ఉంది, అది కూడా రాయమన్నాను.

మా ఆయన వరంగల్‌లో గల్లీలు ఊడ్చేవాడు. ఆయన పోయాక ఆ చీపురు నా చేతికి వచ్చింది. స్టేషన్ రోడ్డు వెనకాల, కింద దుకాణాలు మీద ఇళ్లు, మధ్యమధ్య అరుగుల ఇళ్లు ఉండే గల్లీ నాది. నలభై గడపలు. పొద్దున ఐదింటికి మొదలుపెడితే ఏడింటికి ఆ చివర తేలతాను. ఏడింటికి మా తమ్ముడు చెత్త ఆటో తోలుకుని వస్తాడు. అతను నా సొంత తమ్ముడు. అమ్మ పోయినప్పుడు వాడికి ఆరేళ్లు, నేనే పెంచాను. ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు. అయినా వాడు అన్నం తిన్నాడా లేదా అని నాకు ఇప్పటికీ రోజూ ఒకసారి అనిపిస్తుంది.

ఊడ్చే పనిలో ఒక కిటుకు ఉంది. మేము ఊడ్చే వేళకే ఆడవాళ్లు వాకిళ్లలో నీళ్లు చల్లి ముగ్గులు వేస్తుంటారు. ముగ్గుకు చీపురు తగలకూడదు. గడప ముందుకు రాగానే చేయి వంచి, ముగ్గు చుట్టూ తిప్పి, దుమ్మును అవతలికి లాగాలి. చేరిన కొత్తలో ఒకావిడ ముగ్గు కొస చెరిపానని తెడ్డు పట్టుకుని ఉరికొచ్చింది. "కండ్లు నెత్తిమీద పెట్టుకున్నవా?" అని అరిచింది. అప్పటి నుంచి నా కళ్లు నేల మీదే. ఏ ఇంటావిడ చుక్కలు పెట్టి వేస్తుంది, ఏ ఇంటావిడ ఊరికే నాలుగు గీతలు గీసి లోపలికి పోతుంది, ఎవరు పుట్టింటికి పోయారు, ఎవరికి జ్వరం, అంతా ముగ్గు చూసి చెప్తాను. మొగోళ్లకు ఇది అర్థం కాదు. పోలీసోళ్లకు అసలే కాదు. ఒక్క ఆమెకు తప్ప.

ఆమె ఎవరో చెప్తాను. పెద్ద పరీక్ష రాసి డీఎస్పీ అయిన పిల్ల. ట్రైనింగ్‌లో భాగంగా కొన్నాళ్లు మా పోలీస్ స్టేషన్‌ను తానే చూసుకోవాలట. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. జుట్టు గట్టిగా ముడి వేసుకునేది, నడుస్తుంటే బూట్లు టకటకమనేవి. వచ్చి నెల కూడా కాలేదు, మా గల్లీలో ఖూనీ అయింది. ఆమె చేతిలో పడ్డ మొదటి ఖూనీ కేసు అదే.

చనిపోయింది కిరాణా సేటు. అరవై దాటిన మనిషి, భార్య లేదు, పిల్లలు లేరు, దుకాణం పైనే ఉండేవాడు. ఆ పొద్దున ఎనిమిదింటికి పాల ప్యాకెట్ల కోసం వచ్చిన ఒకావిడ, షట్టర్ సగం దించి ఉందేమని వంగి చూసి కేక పెట్టింది. సేటు తక్కెడ పక్కన బోర్లా పడి ఉన్నాడు. తల మీద దెబ్బ. రాత్రే పోయాడని అన్నారు.

ఆ కేక నేను గల్లీ చివర టీ తాగుతూ విన్నాను. సేటు పోయాడని తెలియగానే నాకు ముందు గుర్తొచ్చింది మా తమ్ముడు. ఎందుకంటే ముందు రోజే వాడికీ సేటుకీ పెద్ద లొల్లి అయింది. సేటు తడి చెత్త, పొడి చెత్త కలిపి పెట్టేవాడు. తమ్ముడు తీసుకోనన్నాడు. సేటు డబ్బా ఎత్తి ఆటోలో కుమ్మరించబోయాడు, వాడు చేయి అడ్డం పెట్టాడు, ఆ కుళ్లిన టమాటాలన్నీ వాడి మీద పడ్డాయి. అందరి ముందు వాడు అన్న మాట: "నీ సంగతి చూస్త సేటూ, గుర్తు పెట్టుకో." కోపంలో ఎవరైనా అనే మాటే. కానీ తెల్లారితే మనిషి శవమై కనిపించాడు.

వెంటనే వాడికి ఫోన్ చేశాను. "ఒరేయ్, సేటును ఎవడో సంపిండట. నిన్నటి లొల్లి ముచ్చట ఎవ్వలకు చెప్పకు. అడిగితే ఏం గాలే అను."

"ఎందుకక్కా? జరిగింది గదా, అందరు సూసిన్రు."

"నువ్వు నోర్మూసుకో. నాకు తెల్సు."

నాకు తెలిసింది ఏమీ లేదు. కానీ వాడు నా మాట జవదాటడు. అదే వాడి కొంప ముంచింది.

కొత్త మేడం వచ్చీ రాగానే చేసిన పని, ఆ గల్లీ చెత్తను పారబోయనీయకుండా ఆటోను ఆపించడం. దుకాణంలో తూకపు రాళ్ల వరసలో రెండు కిలోల రాయి లేదని ఆమె ముందే చూసిందట. పన్నెండింటికి తమ్ముడి ఆటోలో, పొడి చెత్త వైపు, పాత బనియన్‌లో చుట్టిన తూకపు రాయి దొరికింది. దాని మీద మరక. తమ్ముణ్ని జీపు ఎక్కించారు.

నేను స్టేషన్‌కు ఉరికాను. మేడం ముందు కుర్చీ ఉంది, కానీ నేను కూర్చోలేదు.

"మీ తమ్ముడికి సేటుతో ఎప్పుడైనా గొడవ అయిందా అమ్మా?" అని అడిగింది.

"మా తమ్ముడా? చీమకు గూడ దారిస్తడు. ఆ సేటు మాకు దేవునసొంటోడు. లొల్లి లేదు, గిల్లి లేదు."

ఆమె సెల్‌ఫోన్ నా వైపు తిప్పింది. అందులో మా తమ్ముడు, ఒళ్లంతా టమాటాలు, వేలు చూపిస్తూ అరుస్తున్నాడు. ఎవరో మేడ మీద నుంచి తీశారు.

"వాడూ ఇదే అన్నడు, లొల్లి లేదని. ఇద్దరూ ఒక్కటే పాట పాడితే, ఎవరో నేర్పినట్టే కదా అమ్మా. దాచాల్సినంత ఏముంది?"

పక్కన ఉన్న ముసలి హెడ్ కానిస్టేబుల్, "మేడం, ఇంకేం కావాలె? రాయి దొరికింది, లొల్లి దొరికింది, అబద్ధం దొరికింది. రేపు మాపటికి కోర్టుల పెడితే అయిపాయె" అన్నాడు.

"రేపు మాపటికి ఇంకా చాలా టైమ్ ఉంది సార్" అంది ఆమె. నేను ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చాను. రేపు సాయంత్రం దాటితే నా తమ్ముడు జైలుకు పోతాడు. అదొక్కటే నా తలలో.

మర్నాడు పొద్దున పనికి పోకపోతే ఎవరూ ఏమీ అనరు. అయినా పోయాను. ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడతాయి. చీపురు పట్టుకుంటే నాకు బుర్ర పని చేస్తుంది.

ఆ గల్లీలో సేటు పాలోళ్ల ఇళ్లు రెండు ఉన్నాయి. పాలోళ్లు అంటే ఒకే ఇంటిపేరు, ఒకే రక్తం. ఒకటి సేటు బాబాయి కొడుకు ఇల్లు. రెండోది సేటు సొంత అన్న ఇల్లు. ఆ అన్న ఎప్పుడో పోయాడు. ఆయన భార్య, కొడుకు, కోడలు ఉంటారు. ఆ పెద్దావిడను నేను అవ్వా అంటాను. పట్టింపులు చాలా ఎక్కువ. ఆమె ఇంటి ముందు కోడలు వేసే ముగ్గు గల్లీలోకెల్లా పెద్దది. అత్త అరుగు మీద కూర్చుని గీత వంకర పోతే చెరిపించి మళ్లీ వేయిస్తుంది. జ్వరం వచ్చినా, వాన పడినా, ఆ వాకిలి ఖాళీగా ఉండటం నేను చూడలేదు.

పాలోళ్లలో ఎవరైనా పోతే సూతకం. పదకొండు రోజులు దీపం ముట్టించరు, వాకిట్లో ముగ్గు వేయరు. మా ఆయన పోయినప్పుడు మా ఇంట్లోనూ అంతే. అందుకని ఆ పొద్దున రెండిళ్ల ముందూ ముగ్గు లేకపోవడం చూసి, సరే, అంతే కదా అనుకుంటూ ఊడ్చాను. బాబాయి కొడుకు ఇంటి ముందు సిమెంటు మీద నిన్నటి ముగ్గు మరక తెల్లగా ఇంకా కనిపిస్తోంది. నీళ్లు కూడా చల్లలేదు కాబట్టి పోలేదు. అవ్వ ఇంటి ముందుకు వచ్చాను. ఆ సిమెంటు మీద నిన్నటి మరక లేదు. మొన్నటిది మసకగా ఉంది.

చీపురు ఆగిపోయింది.

నిన్న పొద్దున ఐదున్నరకు నేను ఈ గడప ముందు ఊడ్చినప్పుడు చేయి వంచలేదు. నేరుగా ఊడ్చుకుంటూ పోయాను. ఎందుకంటే తిప్పడానికి ముగ్గు లేదు. అవ్వ అరుగు మీద తడి జుట్టు విరబోసుకుని కూర్చుని ఉంది. అది మంగళవారం. మంగళవారం తలస్నానం చేసే మనిషి కాదు ఆమె. "ఏందవ్వా, పొద్దుగాలనే తలకు పోసుకున్నవ్?" అని కూడా అడిగాను. ఆమె వినపడనట్టు లోపలికి పోయింది. ముసలితనం, చెవులు అనుకున్నాను.

సేటు పోయాడని గల్లీకి తెలిసింది ఎనిమిదింటికి. ఆమె ఐదున్నరకే సూతకం పట్టింది.

మేడం దుకాణం ముందే ఉంది. ఆ వేళకే వచ్చి, ఒక్కతే షట్టర్ వైపు చూస్తూ నిలబడింది. చేతిలో చీపురుతోనే ఆమె దగ్గరికి పోయి చెప్పాను. మొత్తం విన్నది.

"అమ్మా, నిన్న మీరు నాకు ఒక అబద్ధం చెప్పిన్రు. ఇయ్యాల తమ్ముణ్ని తప్పించనీకి ఇంకోటి చెప్తలేరని నేనెట్ల నమ్మాలె?"

"నమ్మకు. నన్ను అడుగు. నిన్న ఏ ఇంటి ముంగట ఏ ముగ్గుండెనో అడుగు."

ఆమె చిన్నగా నవ్వింది. నడవమంది. ఇద్దరం గల్లీ మొదటి గడప నుంచి మొదలుపెట్టాం. నేను ఒక్కొక్క గడప చూపిస్తూ చెప్పాను. ఇక్కడ చుక్కల ముగ్గు, మధ్యలో తామర. ఇక్కడ ఊరికే నాలుగు గీతలు, ఈమెకు నడుం నొప్పి. ఇక్కడ రంగు వేసింది, ఆమె బిడ్డ పుట్టినరోజు. మేడం కొన్ని తలుపులు కొట్టి, నిద్ర ముఖాలతో వచ్చిన ఆడవాళ్లను అడిగింది. ఒక్కటి తప్పలేదు. ఒక్కావిడ తానే మర్చిపోతే నేను గుర్తు చేశాను. "అవును గదా, నెమలే ఏసిన" అంది ఆమె నెత్తి గోక్కుంటూ.

అవ్వ ఎదురింటి కోడలు మాత్రం, "నా దగ్గర ఫోటో ఉంటది మేడం" అంది. ఆ పిల్ల రోజూ తన ముగ్గును ఫోన్లో తీసి స్టేటస్ పెట్టుకుంటుంది. నిన్నటి ఫోటో తీసి చూపించింది. దాని మీద టైమ్ కూడా ఉంది, ఆరు కూడా కాలేదు. ముగ్గు వెనకాల, ఫోటో పై మూలకు, ఎదురుగా అవ్వ వాకిలి పడింది. బోసిగా. ఆ మూలకు అరుగు మీద తడి జుట్టుతో ఒక ఆకారం.

మేడం ఆ ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. "ఇది ఒక్కటి చాలదు" అంది. "ఒంట్లో బాగలేక వెయ్యలేదు అంటే అయిపోయింది. ఆమెతోనే చెప్పించాలె." నా వైపు తిరిగి, "మీరు ఇక్కడే ఊడుస్తా ఉండండి. మాట్లాడొద్దు" అంది.

మాట్లాడొద్దని నాతో. అయినా పళ్లు బిగబట్టాను.

మేడం అవ్వ అరుగు ముందు బూట్లు విప్పింది. టోపీ పక్కన పెట్టింది. పక్కింటి పిల్ల వచ్చి కూర్చున్నట్టు అరుగు చివరన కూర్చుంది. మరిది పోయిన బాధలో ఉన్న మనిషిని పలకరించినట్టే పలకరించింది. తిన్నావా, మందులు వేసుకున్నావా అని అడిగింది. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అవి దొంగ కన్నీళ్లు కావు, అది కూడా చెప్పాలి.

"అవ్వా, నాకొక ధర్మ సందేహం. మా అమ్మమ్మ ఉన్నప్పుడు అడగక పోయిన. పాలోళ్లు పోతే ముగ్గు ఎప్పటి సంది ఆపాలె? పానం పోయిన కాడి సందా, మనకు ఎరుకైన కాడి సందా?"

పట్టింపుల మనిషిని పట్టింపుల గురించి అడిగితే ఊరుకుంటుందా? అవ్వ నిటారుగా కూర్చుంది. "ఎరుకైన గడియ సంది బిడ్డా. ఎరుక లేకపోతే పాపం లేదు. ఎరుకై గూడ ముగ్గేసిన్రో, ఆ ఇంటికి మంచిది గాదు. తానం జెయ్యాలె, దీపం బంద్ జెయ్యాలె."

"అట్లనా. మరి నీకు మీ మరిది సంగతి ఎప్పుడెరుకైంది?"

"నిన్న ఎనిమిదింటికి. గల్లీ అంత ఒర్రుతాంటే."

మేడం ఫోన్ ఆమె ముందు పెట్టింది. పెద్దది చేసిన ఆ మూల. బోసి వాకిలి, తడి జుట్టు, కింద టైమ్. "ఇది ఆరింటికి ముందుది అవ్వా. ముగ్గు లేదు. నువ్వు తానం జేసి ఉన్నవ్. నీకు ఎట్ల ఎరుకైంది?"

నేను ఊడ్చడం ఆపేశాను.

అవ్వ ఫోటో వైపు చూసింది, నా వైపు చూసింది, తలుపు వైపు చూసింది. ఆ ఒక్క చూపే చాలు. కోడలు లోపల నుంచి, "నేను ఏస్త అంటే నువ్వే గదా అత్తమ్మా వద్దన్నవ్, ఎందుకని అడిగితే కసిరితివి" అని ఏడుపు గొంతుతో అంది. ఆ పిల్లకు ఏమీ తెలియదు. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొడుకును రాత్రంతా దాచింది. గల్లీ అందరితో కలిసి ఏడ్చింది. కానీ ఎరుకై ముగ్గు వేయడం మాత్రం ఆమె వల్ల కాలేదు. కొడుకు కోసం పోలీసులకు అబద్ధం చెప్పగలిగింది, వాకిలికి చెప్పలేకపోయింది.

కొడుకు దొడ్డి తలుపు వైపు పోబోతే అక్కడ కానిస్టేబుల్ ఉన్నాడు. మేడం కూర్చునే ముందే పంపింది. కొడుకు వెనక్కి వచ్చి తల్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "సంపాలని పోలే" అన్నాడు. దుకాణం ముందు భాగం తనకు ఇస్తే సెల్‌ఫోన్ల షాపు పెట్టుకుంటానని ఏడాదిగా బాబాయిని అడుగుతున్నాడట. ఆ రాత్రి సేటు ఎగతాళి చేశాడట, ఇతను చేతికి అందిన తూకపు రాయి ఎత్తాడట. ఇంటికి వచ్చి తల్లికి చెప్పాడు. పొద్దున ఏడింటికి చెత్త డబ్బాలో రాయి పెట్టి తానే తెచ్చి మా తమ్ముడి ఆటోలో గుమ్మరించాడు. ముందు రోజు లొల్లి అతనూ చూశాడు మరి.

సాయంత్రం కాకముందే తమ్ముణ్ని వదిలారు. మేడం నన్ను పిలిచి, "మీ కండ్లు మంచివి అమ్మా. నిన్ననే నిజం చెప్పుంటే ఇంకా మంచిగుండు" అంది.

"తప్పు నాదే" అన్నాను. అంత సూటిగా నేను ఎవరికీ చెప్పలేదు అంతకు ముందు. "కానీ మేడం, మీరు గూడ ముసలాయన మాట ఇని నిన్ననే కోర్టుకు పోలే. మీరు ఆగిన్రు. ఆగబట్టే బతికినం."

ముసలి హెడ్ కానిస్టేబుల్ నేను వినేటట్టే, "ముగ్గుతోని కేసు పట్టుడు నా సర్వీసుల సూడలే" అని గొణిగాడు.

తమ్ముడు బయటకు వచ్చాడు. చొక్కా నలిగి ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను పరుగున పోయి చేయి పట్టుకోబోతే విదిలించాడు.

"నాకు తెల్సు అన్నవ్. ఏం తెల్సు నీకు? ఉన్నది చెప్పనిస్తే నాతోని మంచిగనే మాట్లాడుతుండె ఆమె. నువ్వు చెప్పిన మాటకే రాత్రంత కింద కూసున్న."

"అవునురా."

"ఇంకోసారి నాకు తెల్సు అనకు."

"అననురా. తిన్నవా?"

వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఆటోలో నుంచే చీపురు అందించాడు. అంతే, అయిపోయింది మా లొల్లి.

నన్ను ఆ గల్లీ నుంచి మారుస్తానని జవాన్ అన్నాడు. "ఆ ఇంటి ముంగట ఎట్ల ఊడుస్తవు? నిన్ను తిడతరు" అన్నాడు. వద్దన్నాను. ఎవరో చేసిన తప్పుకు నేనెందుకు గల్లీ మారాలి? ఊడుస్తూనే ఉన్నాను. కొందరు ఆడవాళ్లు నన్ను చూడగానే గబుక్కున లోపలికి పోయారు. కొందరు తమ ముగ్గు చూసి పొమ్మని పిలిచి మరీ చూపించారు. రెండింటికీ నేను మారలేదు.

సూతకం తీరిన తర్వాత ఒక పొద్దున అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన కోడలు లేదు, పుట్టింటికి పోయింది. నేను ఆ గడప ముందుకు రాగానే అవ్వ అంది, "నువ్వే చెప్పినవట గదనే."

"నేనే చెప్పిన అవ్వా."

"నీకు తమ్ముడు. నాకు కొడుకు."

"అవును. నీ కొడుకు జేసిన దానికి నా తమ్ముడు పోతాండె. నేను సూసింది చెప్పిన. మల్ల జరిగినా చెప్త."

ఆమె తిట్టలేదు. శపించలేదు. చిన్న గొంతుతో అడిగింది: "వాణ్ని ఏడ పెట్టిన్రో నాకు ఎవ్వలు చెప్తలేరు. ఎట్ల పోవాలెనో తెల్వది. నీకేమన్న ఎరుకనా?"

నాకు ఎరుకే. తమ్ముణ్ని కోర్టులో పెడితే ఎక్కడికి పంపుతారో, నేను ఎలా పోవాలో, ఏం తీసుకుపోవాలో, వాణ్ని జీపు ఎక్కించిన మధ్యాహ్నమే స్టేషన్ బయట నలుగుర్ని పట్టుకుని అడిగి పెట్టుకున్నాను. వరంగల్‌లో ఉన్న జైలు కూలగొట్టారు కదా. నాకు అక్కరకు రాని ఆ తెలివి ఆమెకు అక్కరకు వచ్చింది. చీపురు గోడకు ఆనించి, అరుగు దగ్గరికి పోయి చెప్పాను.

"ఖమ్మం అవ్వా. బస్టాండ్ల ఖమ్మం బస్సు ఎక్కు. వర్ధన్నపేట వస్తది, మరిపెడ వస్తది, దిగకు, చివరిదాక కూసో. పొద్దుగాలనే పోవాలె. అన్నం, కూర ఏం తీసుకపోకు, లోపలికి పోనియ్యరు. ఆధార్ కార్డు మర్చిపోకు. అది లేకపోతే అంత దూరం పోయి గేటు కాన్నుంచే తిరిగి రావాలె."